నేను ఎవరి బిడ్డని? దత్తత పిల్లలు, పెంచినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు పెంపకం కొత్త విషయమేమీ కాదు. పిల్లల్లేని అక్కకి చెల్లెలు బిడ్డనివ్వడం, మేనమామ ఇంట్లో మేనల్లుడు కొడుకుగా పెరగడం చాలా ఊళ్ళల్లో చూస్తాం. దిక్కులేని పసిబిడ్డల్ని ఉంచి దత్తతకిచ్చే శిశుగృహల నుంచి వచ్చిన పిల్లలూ మన వీధుల్లోనే పెరుగుతున్నారు. ఇచ్చినవాళ్ళ త్యాగం గురించి, తెచ్చుకున్నవాళ్ళ పుణ్యం గురించి అందరూ మాట్లాడతారు కానీ, మధ్యలో ఉన్న బిడ్డని అడిగేవాళ్ళు తక్కువ. నేనూ పెంపకానికి వెళ్ళిన పిల్లనే. రాజాం దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ కూతురిగా పెరిగాను. తెలిసినవాళ్ళు, వాళ్ళ ద్వారా వచ్చినవాళ్ళు నన్ను అడుగుతూ ఉండే ప్రశ్నలు ఇవి. చట్టం సంగతులు చట్టంలో ఉన్నట్టే రాశాను. మిగతాదంతా నా అభిప్రాయం.

కన్నవాళ్ళ గురించి తెలుసుకోవాలనిపిస్తోంది. పెంచినవాళ్ళకి ద్రోహం చేస్తున్నట్టా?

కాదు. సొంత ఇంట్లో పుట్టిన పిల్లలకి ఈ సమాచారం అడగకుండానే అందుతుంది. "ముక్కు అచ్చం నాయనమ్మదే", "ఈ మొండితనం తాత పోలిక", "నువ్వు పుట్టిన రోజు వంశధార పొంగి బస్సులు ఆగిపోయాయి". ఇలాంటి మాటలు అన్నం తింటున్నప్పుడు, తల దువ్వుతున్నప్పుడు చెవిన పడుతూనే ఉంటాయి. పెంపుడు బిడ్డ దగ్గర ఆ మాటలుండవు. వాటి కోసం అడగాల్సి వస్తుంది, అడిగితే ఇంట్లో మొహాలు మారిపోతాయి. నాకు అన్యాయంగా తోచేది అక్కడే. పక్కింటి పిల్లకి ఊరికే దొరికేది మనం అడిగితే కృతఘ్నత ఎలా అవుతుంది?

తెలుసుకోవడం వేరు, వెళ్ళిపోవడం వేరు. పెంచినవాళ్ళు ఈ రెండిటినీ ఒకటిగా అనుకుని హడలిపోతారు. కాబట్టి మొదట చెప్పాల్సిన మాట "నేనెక్కడికీ పోను, తెలుసుకోవాలని ఉంది, అంతే" అన్నది. ఒక్కసారి చెబితే చాలదు, పదిసార్లు చెప్పాలి.

పెంచుకున్నామని బిడ్డకి ఏ వయసులో చెప్పాలి?

బడికి వెళ్ళకముందే. మాటలు వచ్చే రోజుల నుంచే చెబుతూ ఉంటే ఇంకా మంచిది. "నిన్ను మేం శిశుగృహకి వెళ్ళి తెచ్చుకున్నాం, ఆ రోజు నువ్వు దారంతా నిద్రపోయావు" అని కథలా చెబితే బిడ్డకి అది తన కథ అవుతుంది. ఫలానా రోజు కూర్చోబెట్టి చెప్పారన్న గుర్తు కూడా మిగలదు.

పెద్దయ్యాక చెబుదాం, పదో తరగతి పరీక్షలు అయ్యాక చెబుదాం అని వాయిదా వేసేవాళ్ళకి ఒక్క మాట. మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో ఒకసారి లెక్కపెట్టుకోండి. ఎదురింటివాళ్ళకి, పాలు పోసే ఆమెకి, అంగన్‌వాడీ టీచరుకి, మీ తోడికోడళ్ళకి, వాళ్ళ పిల్లలకి తెలుసు. తెలియనిది ఒక్క బిడ్డకే. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను పండగ చూడటానికి ఇంటినిండా చుట్టాలు దిగుతారు. భోజనాల దగ్గర ఎవరో ఒక పెద్దావిడ "ఆ గుంట ఆళ్ళ గుంట కాదర్రా" అనేస్తుంది. ఆ మాట మీ నోటి నుంచి రాలేదన్న కోపం, మాటలో ఉన్న సంగతి కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

ఇంట్లో అందరూ "నిన్ను తవుడిచ్చి కొనుక్కున్నాం" అని ఆటపట్టిస్తారు. మా పాప ఏడుస్తోంది. ఇంత చిన్నదానికి కూడా ఊరుకోలేరా?

చిన్నదే, మామూలు పిల్లలకి. సొంత బిడ్డ "అబద్ధం" అని అరిచి అమ్మ ఒళ్ళో దూరిపోతుంది. మీ పాపకి అలా అరిచే ధైర్యం లేదు, ఎందుకంటే అందులో సగం నిజం. ఆ హాస్యం మీ ఇంట్లో మానేయించండి. మీ అత్తగారైనా సరే, పక్కకి పిలిచి చెప్పండి.

ఇంకో దారీ ఉంది. పిల్లలు దక్కని ఇళ్ళల్లో, పుట్టిన బిడ్డని పక్కవాళ్ళ చేతిలో పెట్టి గుప్పెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కునే ఆచారం ఉండేది. ఆ పిల్లలకి తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అని పేర్లు పెట్టేవారు. మన జిల్లాల్లో ఓటరు జాబితా తీస్తే ఈ పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. బిడ్డ ఎలాగైనా దక్కాలన్న ఆరాటంతో చేసిన బేరం అది. ఈ సంగతి చెబితే ఏడెనిమిదేళ్ళ పిల్లకి అర్థమవుతుంది.

మా చెల్లి మూడో కూతుర్ని పెంచుకుంటున్నాం. కన్నతల్లిని పాప 'పిన్ని' అంటుంది. రెండిళ్ళకీ రాకపోకలున్నాయి. ఏమైనా ఇబ్బందా?

నా కథే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

బయటి నుంచి చూస్తే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. బిడ్డ రక్తసంబంధంలోనే ఉంది, కళ్ళెదుటే ఉంది. కానీ శిశుగృహ నుంచి వచ్చిన బిడ్డకి లేని చిక్కు ఒకటి ఇక్కడుంది. కన్నతల్లి ఎక్కడో ఉంటే ఊహించుకోవచ్చు. ఎదురుగా కూర్చుని మిగతా ఇద్దరు కూతుళ్ళకి జడలు వేస్తుంటే ఊహించుకోవడానికి ఏముంటుంది? "ఎందుకిచ్చారు" అన్న ప్రశ్న "నన్నే ఎందుకిచ్చారు" అని మారుతుంది.

నన్ను కన్న మా పిన్ని ప్రతి సంక్రాంతికీ బట్టలు తెచ్చేది. తన ఇద్దరు కూతుళ్ళకీ ఒకే తానులోంచి కోయించిన గుడ్డతో పావడాలు కుట్టించేది. నాకు మాత్రం విజయనగరం కొట్లో కొన్న గౌను, వాటికి రెండింతల ఖరీదు. అందరూ "పిన్నికి నువ్వంటే ఎంత ప్రేమో చూశావా" అనేవారు. నాకు ఆ పావడా కావాలి. అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. కనుమ నాడు వాళ్ళిద్దరూ ఒకేలా తయారై పక్కపక్కన నిలబడేవారు, నేను ఖరీదైన గౌనులో ఎడంగా నిలబడేదాన్ని. పిన్నికీ బాధ ఉండే ఉంటుంది, లేకపోతే అంత డబ్బు పోసేది కాదు. కానీ ఆ డబ్బు నన్ను చుట్టాన్ని చేసింది.

అందుకని మీకు చెప్పేది ఏమిటంటే, ఎక్కువ చేయకండి, తక్కువ చేయకండి. పిన్ని పిన్నిలాగే ఉండనివ్వండి, కానీ కన్నది ఆవిడేనని పాపకి తెలియనివ్వండి. గొడవొచ్చినప్పుడు "మీ అమ్మ దగ్గరికే పో" అన్న మాట మీ నోట రాకూడదు, కోపంలోనైనా సరే. చెల్లెలి ఇంట్లో కూడా "మా దగ్గరుంటే ఇలా చిక్కిపోయేదానివా" లాంటి మాటలు ఆపించండి. రెండిళ్ళ మధ్య పొలం తగాదా వస్తే పిల్లని రాయబారానికి పంపకండి. మా వైపు ఇది మరీ ఎక్కువ.

కాగితం ఏమీ రాసుకోలేదు. పెద్దమనుషుల ముందు ఇచ్చి పుచ్చుకున్నారు. అది చెల్లుతుందా?

హిందూ కుటుంబాల్లో దత్తతకి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. బిడ్డని ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి నిజంగా ఇచ్చి పుచ్చుకోవడం అందులో ముఖ్యం. దత్తహోమం తప్పనిసరి కాదు. దత్తత నాటికి బిడ్డకి 15 ఏళ్ళు నిండకూడదు, పెళ్ళి కాకూడదు. ఆచారం ఉన్నచోట ఈ రెండిటికీ మినహాయింపు ఉంది. మగబిడ్డని స్త్రీ ఒక్కతే గానీ, ఆడబిడ్డని పురుషుడు ఒక్కడే గానీ తీసుకుంటే వయసులో కనీసం 21 ఏళ్ళ తేడా ఉండాలి. పెళ్ళయినవాళ్ళయితే భార్యాభర్తలిద్దరి సమ్మతీ కావాలి.

కాబట్టి కాగితం లేనంత మాత్రాన దత్తత చెల్లదని కాదు. కానీ రుజువు చేయడానికి తాతలు దిగి వస్తారు. ఇచ్చినవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళు సంతకాలు పెట్టిన దత్తపత్రం రిజిస్టరై ఉంటే, దత్తత సక్రమంగా జరిగిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదన్నవాళ్ళే రుజువు చేసుకోవాలి. రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరుంది కదా అని నిమ్మళంగా ఉండకండి. అవి దత్తపత్రానికి బదులు కావు. పెద్దలు బతికుండగానే, జ్ఞాపకం బాగున్నప్పుడే ఆ పని చేయించండి.

విజయనగరం సంస్థానంలోనే చూడండి. 1897లో ఆనంద గజపతిరాజు వారసుడు లేకుండా పోయాక గద్దెకి వచ్చింది దత్తపుత్రుడే. ఆ దత్తత మీద కోర్టు తగవు ఏళ్ళ తరబడి నడిచింది. కోట ఉన్నవాళ్ళకే అంత తంటా అయితే, అరెకరం కొబ్బరితోట ఉన్నవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

తరవాత సొంత బిడ్డ పుట్టాడు. ఆస్తిలో నాకు వాటా తగ్గుతుందా?

తగ్గదు. చెల్లుబాటయ్యే దత్తత జరిగితే అన్ని విధాలా మీరు ఆ ఇంటి బిడ్డే. ఆ దత్తతని పెంచినవాళ్ళు రద్దు చేయలేరు, మీరూ వదులుకుని కన్నవాళ్ళింటికి తిరిగి పోలేరు. అయితే తమ ఆస్తిని అమ్ముకునే, వీలునామా రాసుకునే హక్కు పెంచినవాళ్ళకి మామూలుగానే ఉంటుంది, సొంత పిల్లలున్న తల్లిదండ్రులకి ఉన్నట్టే.

ప్రేమలో వాటా సంగతి చట్టంలో లేదు. తమ్ముడు పుట్టాక అమ్మ మారిపోయిందని చాలామంది అంటారు. పసిబిడ్డ ఇంటికొస్తే పెద్దబిడ్డకి ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. మనకి మాత్రం దానికో కారణం ముందే సిద్ధంగా ఉంటుంది, అదే తేడా.

మాలో మేనరికాలున్నాయి. పెంపకానికి వెళ్ళిన పిల్లకి వరసలు ఎలా లెక్కపెట్టాలి?

రెండు వైపులా. దత్తతతో కన్నవాళ్ళింటి బంధం తెగిపోయినా, పెళ్ళి విషయంలో మాత్రం తెగదు. పుట్టింటి వరసలో ఎవరిని చేసుకోకూడదో, వాళ్ళని ఇప్పుడూ చేసుకోకూడదు. పైగా పెంచినింటి వరసలు కొత్తగా కలుస్తాయి. మేనమామే మేనకోడల్ని దత్తత తీసుకుంటే, నిన్నటి దాకా బావ అయిన ఆయన కొడుకు ఇవాళ్టి నుంచి అన్నయ్య. పిల్లలు పెద్దయ్యాక ఎవరో "బావేగా" అని వేళాకోళం మొదలుపెట్టకముందే ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. గోత్రం పెంచినవాళ్ళదే.

పెళ్ళిచూపుల ముందే అవతలివాళ్ళకి చెప్పేయండి. ఊరు పేరు, ఇంటి పేరు తెలిస్తే వాకబు చేసేవాళ్ళు ఎలాగూ చేస్తారు. దత్తత అని తెలిసి వెనక్కి తగ్గే సంబంధం ముందే తగ్గడం మేలు.

నన్ను శిశుగృహ నుంచి తెచ్చారు. కన్నవాళ్ళ వివరాలు ఎక్కడ అడగాలి?

మిమ్మల్ని దత్తత ఇచ్చిన సంస్థ, జిల్లా బాలల సంరక్షణ విభాగం, రాష్ట్రంలోని దత్తత విభాగం, ఢిల్లీలోని 'కారా' (కేంద్ర దత్తత సంస్థ), వీటిలో ఎక్కడైనా అడగవచ్చు. మూలాల అన్వేషణ అంటారు దీన్ని. 18 ఏళ్ళు నిండితే మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. నిండకపోతే పెంచిన తల్లిదండ్రులతో కలిసి చేయాలి. మీ తరఫున స్నేహితుడో, బంధువో, డబ్బు తీసుకునే మధ్యవర్తో అడగడానికి వీల్లేదు.

వెళ్ళేముందు ఒక సంగతి చూసుకోండి. మన జిల్లాల హద్దులు పలుమార్లు మారాయి. 1979కి ముందు విజయనగరం జిల్లా అన్నదే లేదు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చినప్పుడు పాలకొండ శ్రీకాకుళం నుంచి అటు వెళ్ళింది, రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. మీ కాగితాల్లో 'శ్రీకాకుళం జిల్లా' అని ఉన్నంత మాత్రాన ఊరు ఇప్పుడు ఆ జిల్లాలో ఉండాలని లేదు. ఒక ఆఫీసులో "మాది కాదు" అన్నారంటే ఫైలు లేదని కాదు, పక్క జిల్లాలోనూ అడగండి. దత్తత ఉత్తర్వుల్లోనూ తేడా ఉంటుంది. 2022 సెప్టెంబరు నుంచి శిశుగృహ దత్తతలకి కలెక్టరు ఉత్తర్వులిస్తున్నారు, అంతకుముందువి కోర్టు ఉత్తర్వులు. పాతవాళ్ళు కోర్టు నకలు కోసం కూడా వెతకాలి.

కన్నవాళ్ళు కలవడానికి ఒప్పుకోకపోతే?

కుదరదు. బిడ్డని అప్పగించేటప్పుడు తన వివరాలు గోప్యంగా ఉంచమని తల్లి కోరి ఉంటే, ఆమె సమ్మతి లేకుండా మీకు చెప్పరు. ఒప్పుకోకపోయినా, ఆచూకీ దొరక్కపోయినా, మిమ్మల్ని ఏ పరిస్థితుల్లో ఇచ్చారో మాత్రం చెప్పాలి. అది ఒక్క పేరా ఉండొచ్చు. ఆ పేరా కోసం కూడా వెళ్ళొచ్చని నేననుకుంటాను.

బిడ్డని వదిలి వెళ్ళడానికి పెట్టిన ఊయలలో దొరికిన బిడ్డలకి, బస్టాండులో దొరికిన బిడ్డలకి ఆ పేరా కూడా ఉండకపోవచ్చు. దొరికిన చోటు, తేదీ, ఒంటి మీద ఉన్న బట్ట, తూకం, ఎవరు చూసి కబురు పెట్టారన్నది, ఇవే ఉంటాయి. కొంతమంది ఆ చోటికి వెళ్ళి చూసొస్తారు. ఆమదాలవలస స్టేషన్‌లో ఏముంటుంది, జనం, రైళ్ళు, టీ కొట్టు. అయినా చూసొచ్చాక టెన్షన్ తగ్గిందని చెప్పినవాళ్ళున్నారు.

ఊరికెళ్ళి నేనే వాకబు చేస్తే? ఫేస్‌బుక్‌లో ఫోటో పెడితే?

పెట్టకండి. కన్నతల్లికి ఇప్పుడు ఇంకో కుటుంబం ఉండొచ్చు, ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చు. మీ ఫోటో కింద ఊరు, సంవత్సరం రాస్తే చిన్న ఊళ్ళో మనిషిని పోల్చడానికి ఒక పూట చాలు. మీకున్న హక్కు ఎంత నిజమో ఆమె గోప్యత కూడా అంతే నిజం, చట్టమూ అదే అంటుంది. తప్పుడు మనుషులు "మీ అమ్మని నేనే" అంటూ డబ్బడిగే ప్రమాదం కూడా ఉంది.

నన్ను ఎందుకు వదిలేశారు?

నాకు తెలియదు, మీ ఫైలు చూడనివాళ్ళెవరికీ తెలియదు. పెళ్ళి కాకుండా తల్లి కావడం, మూడో ఆడపిల్ల, తండ్రి చనిపోవడం, వలస, జబ్బు, ఇవి మామూలుగా కనబడే కారణాలు. మీది వీటిలో ఏదో, అసలు వీటిలో ఉందో లేదో ఊహించి చెప్పడం తప్పు.

పెంచినవాళ్ళకి ఒక మనవి. "నీ మీద ప్రేమతోనే నిన్ను ఇచ్చేసింది" అని చెప్పకండి. వినడానికి మెత్తగా ఉంటుంది. బిడ్డకి మాత్రం, ప్రేమ ఉంటే ఇచ్చేస్తారని అర్థమవుతుంది, మీరు కూడా ప్రేమిస్తున్నామనే అంటున్నారు కదా. "ఆమె పెంచలేని పరిస్థితిలో ఉంది, అందులో నీ తప్పేమీ లేదు" అంటే చాలు. యశోద కథ కూడా కొంచెం చూసి చెప్పండి. అందులో కృష్ణుడు చివరికి మధుర వెళ్ళిపోతాడు.

ఆసుపత్రిలో ఎవరికో డబ్బిచ్చి నన్ను తెచ్చుకున్నారట. నేను ఇప్పుడేం చేయాలి?

మొదట, ఇందులో మీ నేరం ఏమీ లేదు. పిల్లల్ని అమ్మడం, కొనడం 2015 నాటి బాల న్యాయ చట్టం కింద నేరం. అయిదేళ్ళ వరకూ కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి సిబ్బందే చేస్తే మూడేళ్ళకి తగ్గకుండా ఏడేళ్ళ వరకూ శిక్ష. అమ్మానాన్నల మీద కేసు పెట్టాలా వద్దా అన్నది మీరొక్కరే కూర్చుని తేల్చుకోకండి, మంచి లాయరుతో మాట్లాడండి. 18 లోపు వాళ్ళయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

నేను బిడ్డని అప్పగించిన తల్లిని. మనసు మారింది. తిరిగి ఇస్తారా?

బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించిన నాటి నుంచి 60 రోజుల లోపు అయితే మీకు అవకాశం ఉంది, ఆలస్యం చేయకుండా వెళ్ళండి. ఆ గడువు దాటాక ఉండదు. అయినా మీ చిరునామా, ఆరోగ్యం వివరాలు ఫైల్లో రాయించవచ్చు. రేపు మీ బిడ్డ అడిగితే కలవడానికి మీకు అభ్యంతరం లేదన్న మాట కూడా రాయించండి.

నా పుట్టుక ఉద్దానం వైపు అని తెలిసింది. నాకూ కిడ్నీ జబ్బు వస్తుందా? డాక్టరు "ఇంట్లో ఎవరికైనా ఉందా" అంటే ఏం చెప్పాలి?

"దత్తత, తెలియదు" అని చెప్పండి. మొహమాటపడి "లేదు" అనకండి. ఆ రెండు జవాబులకీ డాక్టరు వేరే నిర్ణయాలు తీసుకుంటారు. కవిటి, సోంపేట, పలాస వైపు కనిపించే కిడ్నీ జబ్బుకి కచ్చితమైన కారణం ఇదని ఇంకా తేలలేదు, కాబట్టి పుట్టుక చూసి భయపడాల్సిన పని లేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేము. మొదట్లో లక్షణాలు కనబడవు. రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష అప్పుడప్పుడూ చేయించుకుంటే సరి. 2023లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు.

ఏజెన్సీ ప్రాంతంలో పుట్టినవాళ్ళయితే పెళ్ళికి ముందు సికిల్ సెల్ అనే రక్తజబ్బు పరీక్ష చేయించుకోండి. అది వంశపారంపర్యం, రక్తపరీక్షతో తేలిపోతుంది. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు వాళ్ళకి ఈ పరీక్షలు చేస్తున్నారు.

నేను పెంచిన తల్లిని. నా కూతురు కన్నతల్లిని వెతుకుతానంటోంది. పైకి సరే అన్నాను కానీ రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

మీ బాధ కూడా కూతురికి చెప్పండి, కాకపోతే ఏడ్చి ఆపడానికి కాదు. "నాకు భయంగా ఉంది, అయినా వెళ్దాం" అనండి. మీరు నవ్వు పులుముకుని తిరిగితే ఆమెకి తెలిసిపోతుంది, అప్పుడు మీకు చెప్పకుండా వెళ్తుంది.

తోడు రమ్మంటే వెళ్ళండి, వద్దంటే ఇంట్లో ఉండండి. ఆఫీసులో మిమ్మల్నే ప్రశ్నలు అడుగుతారు, జవాబు ఆమెని చెప్పనివ్వండి. కన్నతల్లి దొరికి, కలిసి వచ్చిన రోజున "ఎలా ఉంది, ఏం పెట్టింది" అని గుచ్చి గుచ్చి అడగకండి, అన్నం పెట్టండి. తనంతట తనే చెబుతుంది, బహుశా వారానికి. ఆ తల్లిని ఏమని పిలవాలన్నది కూడా ఆమే తేల్చుకుంటుంది. నేను ఇప్పటికీ పిన్ని అనే పిలుస్తాను.

ఈలోగా మీరు చేయగలిగిన పని ఉంది. దత్తత ఉత్తర్వు, శిశుగృహ వాళ్ళు అప్పట్లో ఇచ్చిన మెడికల్ రిపోర్టు, దత్తత తరవాత రెండేళ్ళ పాటు ఆరు నెలలకోసారి వాళ్ళు వచ్చి రాసుకున్న రిపోర్టుల నకళ్ళు ఏమైనా ఉంటే అవీ, బీరువాలోంచి తీసి ఒక్కొక్కటి రెండేసి జిరాక్సులు తీయించండి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వకండి. బిడ్డని తెచ్చిన రోజు ఒంటి మీదున్న చొక్కా దాచి ఉంటే అదీ ఆమె చేతికివ్వండి, ఇప్పుడే ఇవ్వండి.